తొమ్మిదో పోస్టు గోడ

గురువారం పొద్దున తొమ్మిదో పోస్టులో నిలబడి దేవకృప వెనక్కి చెయ్యి చాపింది. చెయ్యి పూర్తిగా చాపకముందే గోడ తగిలింది. నున్నటి పాలరాయి గోడ. ముందు కాంక్రీటు దిమ్మెల అడ్డుకట్ట, వెనక ఈ గోడ, మధ్యలో మనిషి పక్కకి తిరిగితే పట్టేంత సందు. ఆ సందులో ఒక మనిషి జెండా పట్టుకుని నిలబడాలట. ఎదురుగా తిన్నటి రోడ్డు మీద రేసు కార్లు దూసుకొచ్చి, సరిగ్గా అతని మొహం ముందు కుడివైపు తిరగాలట. తిరక్కపోతే ఏమిటన్న సంగతి ఈ ఏర్పాటు చేసినవాడికి తట్టలేదు. తట్టినా వాడు ఇక్కడ నిలబడేవాడు కాదు కదా.

"ఇక్కడ మనిషిని పెట్టను," అంది.

భానుప్రకాశ్ ఫోనులోంచి తలెత్తాడు. రేసు నడిపే కంపెనీకి అతను మేనేజరు. తెల్ల బూట్లు, మెళ్లో నాలుగు రంగుల పాసులు, నోరు తెరిస్తే మేడమ్. అతను మేడమ్ అన్నప్పుడల్లా దేవకృపకి ఒళ్లు మండేది.

"మేడమ్, మ్యాప్ అప్రూవ్ అయిపోయింది."

"మ్యాపు గీసేనాటికి ఈ గోడ లేదు."

"మోడల్ విల్లా మేడమ్. పైన గ్లాస్ లాంజ్. ఇన్వెస్టర్స్ అందరూ అక్కడ కూర్చునే చూస్తారు. మొత్తం సర్క్యూట్‌లో బెస్ట్ వ్యూ ఇదే."

"అయితే పోస్టుని కిందికి జరపండి. అదిగో, ఆ ఖాళీ జాగాకి."

"అది వీఐపీ పార్కింగ్."

"పోనీ, గోడలో తలుపంత సందు కొట్టించండి."

"మార్బుల్ మేడమ్," అన్నాడతను, చంటిపిల్లకి చెప్పినట్టు మెల్లిగా.

దేవకృప సికింద్రాబాద్‌లో ఒక మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. సెలవు రోజుల్లో మాత్రం క్లబ్ ట్రాక్ మీద మార్షల్స్‌కి పెద్ద. ఇవాళ స్కూలుకి సెలవు పెట్టి వచ్చింది. రేసు జరుగుతుంటే ట్రాక్ పక్కన జెండాలు పట్టుకుని నిలబడి, ముందు ప్రమాదం ఉందనో, దారి ఖాళీగా ఉందనో డ్రైవర్లకి చూపించేవాళ్లే మార్షల్స్. జీతం లేదు. పెరుగన్నం పొట్లం, మజ్జిగ ప్యాకెట్టు, ఎండ. అయినా చిలకలగూడ నుంచి రిటైరైన రైల్వే గార్డులు, మెకానిక్కులు, గుమస్తాలు ఎగేసుకుని వచ్చేవాళ్లు.

ఆ ట్రాక్ యాప్రాల్ దాటాక ఉంది. దేశంలో అన్నిటికన్నా పెద్ద కార్ల రేసు ఆఖరి రౌండు ఏటా డిసెంబరులో అక్కడే జరిగేది. మంచి మలుపులు, కారు అదుపు తప్పితే ఆగడానికి బోలెడు మైదానం, టైర్ల గోడలు, అన్నీ ఉన్నాయి. లేనిదొక్కటే, కంపెనీకి ఎదురిచ్చే సొమ్ము. శామీర్‌పేట దిక్కున కొత్తగా లేస్తున్న ఈ విల్లాల టౌన్‌షిప్ వాళ్లు మా రోడ్ల మీద పెట్టండని ఆ సొమ్ము పోశారు. కార్లు ఎక్కడ బాగా పరిగెత్తుతాయని ఎవరడిగారు? టీవీలో కార్ల వెనకాల విల్లాలు కనపడాలి, అంతే. రేసు సంచీ సర్దుకుని ఇటు వచ్చేసింది.

క్లబ్ సంగతి వేరు. పెద్ద రౌండు పోతే ట్రాక్‌కి లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే ట్రాక్ పోయి ఉత్త భూమి మిగులుతుంది. యాప్రాల్ పక్కన ఉత్త భూమి మిగిలితే ఎవరు వాలతారో చెప్పడానికి లెక్కల టీచరే కానక్కర్లేదు.

"రాసుకోండి," అంది దేవకృప. "తొమ్మిదో పోస్టు ఒప్పుకోలేదు."

భానుప్రకాశ్ ఏమీ రాసుకోలేదు. ఫోను చెవికి పెట్టుకుని పార్కింగ్ వైపు నడిచాడు.

*

శుక్రవారం స్కూలు వదిలాక సైనిక్‌పురిలో క్లబ్ ఆఫీసుకి రమ్మని కబురొచ్చింది. స్కూటర్ దిగేసరికి సెక్రటరీ రామ్మోహనరావు వరండాలోనే ఉన్నాడు. బిస్కెట్ల ప్లేటు కూడా ఉంది. ఈయన బిస్కెట్లు పెట్టిన రోజున ఏదో ఒకటి మింగించి పంపిస్తాడని దేవకృపకి తెలుసు. కూర్చోకుండా నిలబడింది.

"కూర్చో అమ్మా."

"చెప్పండి సార్."

"భానుప్రకాశ్ చాలా అప్‌సెట్ అయ్యాడు. ఒక్క పోస్టు గురించి ఎందుకమ్మా ఇంత రాద్ధాంతం?"

"ఒక్క మనిషి గురించి సార్."

ఆయన టీ కప్పులో చెంచా తిప్పాడు. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది, ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. "నీకు తెలుసుగా ఒప్పందం. ఈ ఏడు మన మార్షల్స్‌ని వాళ్లకిస్తాం. ట్రైనింగ్ ఉన్న మార్షల్స్ లేకుండా వాళ్లకి పర్మిషన్ రాదు. బదులుగా వచ్చే ఏడు రౌండు మన ట్రాక్‌కే తిరిగొస్తుంది. మాటిచ్చారు."

"కాగితం మీద ఇచ్చారా?"

"పెద్దవాళ్లు అమ్మా. మాటంటే మాటే." ఆయన గొంతు మారింది. "నువ్విలా పేచీ పెట్టి వాళ్ల రేసు ఆగిందనుకో, వచ్చే ఏడు మన మొహం చూస్తారా? ట్రాక్‌ని బతికిస్తావో చంపుతావో నీ చేతుల్లో ఉంది. తర్వాత నన్నని లాభం లేదు."

అదీ సంగతి. ట్రాక్‌ని అమ్మకానికి పెట్టేది వీళ్లు, చంపిన పాపం మాత్రం దేవకృపది. కానీ ఆ మాటలో భయం నిజం. ఆ ట్రాక్ పోతే ఆమెకి మిగిలేవి స్కూలు, చర్చి, చిలకలగూడలో ఇరుకు వంటిల్లు. ఆ మైదానం మీద నిలబడి ఆమె ఒక్క చెయ్యి ఎత్తితే దేశంలోకెల్లా మొండి డ్రైవర్లు కూడా కారు నెమ్మది చేసేవాళ్లు. అలాంటి చోటు ఆమెకి ఇంకెక్కడా లేదు.

"రేపు ఆ పోస్టులో దూకి చూస్తాం," అంది చివరికి. "దూకగలిగితే ఒప్పుకుంటాను."

"అదొకటి మీ రైల్వేవాళ్ల చాదస్తం," అన్నాడు రామ్మోహనరావు, బిస్కెట్ కొరుకుతూ.

*

చాదస్తమే. ఏ రూలు బుక్కులోనూ లేదు. వెనకటికి క్లబ్ ట్రాక్ మీద ఒకాయన కాలు పోయాక చిలకలగూడ వాళ్లు పెట్టుకున్న పద్ధతి. రేసు ముందురోజు ప్రతి మార్షలూ తన పోస్టులో నిలబడతాడు. మార్షల్స్‌కి పెద్ద అయినవాళ్లు ఈల వెయ్యగానే చేతిలో జెండా వదలకుండా వెనక్కో పక్కకో దూకి తప్పుకుని చూపించాలి. దూకితే పోస్టు ఒప్పుకున్నట్టు, దూకలేకపోతే ఆ పోస్టు జరగాల్సిందే.

శనివారం ఎండెక్కేసరికి దేవకృప ఈల పట్టుకుని మొదటి పోస్టు నుంచి నడుచుకుంటూ వచ్చింది. కంపెనీ అందరికీ నారింజ రంగు కోట్లిచ్చింది. వీపు మీద టౌన్‌షిప్ పేరు, ఛాతీ మీద ఇంకెవరివో పేర్లు. మార్షల్స్ ఆ కోట్లేసుకుని ఒకళ్లనొకళ్లు ఫోటోలు తీసుకుంటున్నారు. ఈసారి రోజు కూలి ఇస్తారు, డబ్బాల్లో బిర్యానీ వస్తుంది, టీవీలో కనపడతారు. ఒక్కొక్కళ్లూ హుషారుగా దూకారు.

తొమ్మిదో పోస్టులో యెషయా ఉన్నాడు.

దేవకృప అక్కడ ఎవరినీ వేయలేదు. రాజేందర్ వేశాడు. అతను ఆమెకి అసిస్టెంటు, బోయిన్‌పల్లిలో బండ్ల మెకానిక్కు.

"ఎవరు పెట్టమన్నారు?" అంది.

"అంకులే అడిగిండు మేడమ్. నేనేం బలవంతం చెయ్యలే."

యెషయా గూడ్సు బండ్లకి గార్డుగా చేసి రిటైరైన మనిషి. దేవకృప చిన్నప్పటి నుంచి చర్చిలో వాళ్ల ముందు బెంచీ ఆయనది. మార్షల్‌కి ఉండాల్సిన వయసు ఈ ఏటితో ఆఖరు. వచ్చే ఏడు ఏ ట్రాక్ మీదా ఆయన్ని నిలబడనివ్వరు.

"ఈల ఎయ్యి కృపా," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

"అంకుల్, బయటికి రండి."

"ఎయ్యమంటున్న గద."

వేసింది. యెషయా పక్కకి దూకాడు. దూకాడంటే, భుజం గోడకి ఠప్పున కొట్టుకుంది, ఒక కాలు దిమ్మెల వెనక ఇరుక్కుంది. జెండా మాత్రం వదల్లేదు. కాలు మెల్లిగా లాక్కుని, మోచేతికి అంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"సరిపోతది," అన్నాడు.

"ఏం సరిపోతది? మీరు ఆడనే ఉన్నరు. జెర గూడ కదల్లే."

"సరిపోతదంటున్న."

దేవకృప చుట్టూ చేరిన మార్షల్స్ మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఎవరూ ఆమె కంట్లోకి చూడలేదు. చివరికి రాజేందరే నోరు విప్పాడు.

"మేడమ్, మీరు గుస్సా కావద్దు. ఇన్నేండ్ల సంది ఎండల నిలబడ్డం, ఒక్కడు మన దిక్కు సూడలే. ఇయ్యాల జెర ఇజ్జత్ దొరికింది. మీరు పోస్టు కాదంటే రేసు ఆగుతది. ఆగితే వచ్చే ఏడు మన ట్రాక్ గూడ పోతదని సెక్రటరీ సాబ్ అందరికి ఫోన్ చేసి చెప్పిండు. మీ జిద్దుకు అందరం మునుగాల్నా?"

అందరికీ ఫోన్ చేశాడన్నమాట. బిస్కెట్లు ఈమెకి, ఫోన్లు వాళ్లకి.

"అంకుల్," అంది దేవకృప. "మీరు దూకలే. అబద్ధం చెప్తున్నరు. గార్డు ఉద్యోగంల ఎన్నడన్న బ్రేకు పట్టకుండనే పట్టిందని చెప్పిన్రా?"

యెషయా మొహం మాడిపోయింది. "నాకు ఇదే ఆఖరు రేసు బిడ్డా. నీకేం, ఇంక ఇరవై ఏండ్లున్నయి. నా తక్లీఫ్ నేను పడ్త. నువ్వు నా తల్లివా, సర్కారువా?"

దేవకృప ఈల తాడు మెళ్లోంచి తీసింది. వాకీటాకీ, నారింజ కోటు, ఈల మూడూ కలిపి రాజేందర్ చేతుల్లో పెట్టింది. "నువ్వే పెద్ద. ఈ పోస్టులో మనిషిని పెట్టి, ట్రాక్ రెడీ అని నా నోటితో నేను చెప్పను."

ఎవరూ ఆగమనలేదు. అదే ఆమెని బాగా కోసింది. స్కూటర్ దాకా నడుస్తుంటే వెనక ఎవరో బిర్యానీ వచ్చిందని కేకేశారు, అందరూ అటు పోయారు.

*

ఆదివారం తెల్లవారి దేవకృప చర్చికి తయారవుతుంటే యెషయా గుమ్మంలో నిలబడ్డాడు. నారింజ కోటు, నున్నగా గీసుకున్న గడ్డం, మొహంలో నిన్నటి కోపం ఆనవాలు లేదు.

"జరిపిన్రు," అన్నాడు.

"ఏంది?"

"పోస్టు. కింద ఖాళీ జాగల పెట్టిన్రు. పార్కింగ్ తీసేసిన్రు. రాజేందర్ ఫోన్ చేసిండు. నీ మాట నెగ్గింది కృపా. నువ్వు ఎళ్లిపోయేసరికి దెబ్బకు దిగొచ్చిన్రు." కాసేపు గుమ్మం చెక్క మీద గోరు గీస్తూ నిలబడ్డాడు. "నిన్న నోరు జారిన. మనసుల పెట్టుకోకు. ఇప్పుడన్న వస్తవా?"

దేవకృపకి ఏడుపొచ్చినంత పనైంది. నిజంగానే గెలిచాననుకుంది. మనిషికీ బాధ లేదు, రేసుకీ అడ్డు లేదు, వచ్చే ఏడు ట్రాక్‌కీ ఢోకా లేదు. స్కూటర్ వెనక యెషయాని ఎక్కించుకుని తిరుమలగిరి మీదుగా పోతుంటే, చలిగాలి మొహానికి కొడుతున్నా హాయిగానే అనిపించింది.

అక్కడికెళ్లేసరికి భానుప్రకాశ్ ఎదురొచ్చాడు. "వెల్‌కమ్ బ్యాక్ మేడమ్. ఇప్పుడు మీ పోస్ట్ ఓకేనా?"

"ఓకే. నిన్ననే జరిపితే ఈ గొడవంతా లేకపోయేది."

"నిన్న సాయంత్రం దాకా గోడ అమ్ముడుపోలేదు కదా." అతను గర్వంగా మలుపు వైపు చెయ్యి చూపించాడు.

పాలరాయి గోడ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక ప్రెషర్ కుక్కర్ బొమ్మ అంటించారు. ఇంటికప్పంత కుక్కరు, పక్కన నవ్వుతున్న ఇల్లాలు.

"తిన్నటి రోడ్డు చివర మెయిన్ కెమెరా పెట్టాం. కార్లు వస్తుంటే వెనకాల నేరుగా ఈ గోడే పడుతుంది. అడ్డంగా ఆరెంజ్ కోట్లేసుకుని మనుషులుంటే బ్రాండ్ కనపడదని వాళ్లు ఒకటే పట్టు. అర్ధగంటలో పార్కింగ్ ఖాళీ చేయించాం."

మూడు రోజుల పాటు ఒక మనిషి ప్రాణం గురించి నోరు నొప్పెట్టేలా అరిస్తే జరగని పోస్టు, కుక్కరు కనపడటం లేదంటే అర్ధగంటలో జరిగింది. దేవకృప గోడనీ, అతన్నీ మార్చి మార్చి చూసింది. ఉమ్మెయ్యాలనిపించింది. కానీ ఇప్పుడు దేనికని కాదంటుంది? పోస్టు మంచి చోటే ఉంది. వెనక ఖాళీ నేల ఉంది. యెషయా ఒక్కసారి దూకి, నవ్వుతూ లేచి, మోకాళ్లు దులుపుకున్నాడు కూడా. ఆమె దగ్గరున్న ఒక్క అభ్యంతరాన్నీ ఎవరో కుక్కర్లవాళ్లు కొనేసుకున్నారు.

రాజేందర్‌కి అసలు సంగతి చెప్పింది. అతను భుజాలెగరేశాడు. "ఎట్లయితేంది మేడమ్, అయింది గద." ఈల, వాకీటాకీ ఆమెకి తిరిగిచ్చాడు. పోస్టులన్నీ వరసగా రెడీ అన్నాయి. దేవకృప వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, కుక్కరు బొమ్మ వైపు ఒకసారి చూసి, "ట్రాక్ రెడీ," అంది.

రేసు సగం దాటింది. ఆమె కొత్త చోటికి జరిపిన తొమ్మిదో పోస్టు వెనక నిలబడి ఉంది. తిన్నటి రోడ్డు మీద ఒక నీలం కారు వస్తూనే తేడాగా వినిపించింది. మిగతావాటి మోత ఆ చోటుకి వచ్చేసరికి తగ్గుతుంది. దీనిది తగ్గలేదు. ముందు చక్రాల్లోంచి పొగ లేచింది, కారు తిరగలేదు. యెషయా అప్పటికే పసుపు జెండా ఎత్తి ఊపుతున్నాడు. నీలం కారు తిన్నగా పోయి దిమ్మెల అడ్డుకట్టని గుద్దింది. దిమ్మెలు ఒక్కసారిగా వెనక్కి జరిగి గోడకి అతుక్కుపోయాయి. కుక్కరు బొమ్మ మధ్యకి చీలి, పాలరాయి పెంకులు జలజలా రాలాయి.

అడ్డుకట్టకీ గోడకీ మధ్య ఇప్పుడు చెయ్యి దూరేంత చోటు కూడా లేదు.

పైన గాజు లాంజ్‌లో జనం కేకలేస్తూ లేచి నిలబడ్డారు. డ్రైవరు తనంతట తనే కారులోంచి దిగి, హెల్మెట్ తీసి చెయ్యి ఊపాడు. మైకులో వ్యాఖ్యాత, "కుక్కర్‌కి విజిల్ పడింది," అన్నాడు. లాంజ్ అంతా నవ్వింది.

యెషయా జెండా ఊపుతూనే ఉన్నాడు. కారుని క్రేను ఎత్తేదాకా ఆపలేదు, చెయ్యి మార్చుకోలేదు. ఎత్తేశాక జెండా దించి, ఆ గోడ వైపు చూసి, అక్కడే నేల మీద కూర్చున్నాడు. దేవకృప నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. ఆయన పట్టుకున్నాడు గానీ తాగలేదు.

*

రేసు అయిపోయాక భానుప్రకాశ్ పరుగులాంటి నడకతో వచ్చాడు. వెనక రామ్మోహనరావు ఉన్నాడు. అక్కడక్కడా మార్షల్స్ విరిగిన గోడ ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటున్నారు.

"మేడమ్, అన్ని చానెల్స్‌లో అదే క్లిప్. కుక్కర్ కంపెనీ ఎండీ స్వయంగా ఫోన్ చేశారు. ఈ మలుపుకి వాళ్ల పేరే పెట్టుకుంటారట. మూడేళ్లకి మాట్లాడేసుకున్నారు. టౌన్‌షిప్ వాళ్లు కూడా మూడేళ్లకి ఓకే అన్నారు."

"మూడేళ్లు ఎక్కడ?" అంది దేవకృప.

"ఇక్కడే మేడమ్. ఈ మలుపు లేకుండా ఇంకెక్కడ పెడతాం?"

దేవకృప రామ్మోహనరావు వైపు తిరిగింది. ఆయన ఫోనులో ఏదో వెతుకుతున్నాడు.

"సార్, వచ్చే ఏడు మన ట్రాక్‌కి అన్నారు."

"అన్నామమ్మా. పరిస్థితులు మారాయి కదా." ఆయన ఫోనులోంచి తలెత్తలేదు. "ప్రాక్టికల్‌గా ఆలోచించాలి. కమిటీలో కూడా చాలామంది, భూమి అలా ఎన్నాళ్లు ఖాళీగా ఉంచుతామని..."

"అది ఖాళీ భూమి కాదు. ట్రాక్."

"అదే అంటున్నాను."

"మీకు సిగ్గు లేదు సార్," అంది దేవకృప.

ఆయన మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. భానుప్రకాశ్ మధ్యలోకి వచ్చి ప్రైజుల వేళయిందని ఆయన్ని మోచెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. అటునుంచి రాజేందర్ వచ్చాడు. చెప్పాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించి చెప్పేశాడు.

"మేడమ్, వచ్చే ఏడుకి మార్షల్స్ పేర్లు ఇప్పుడే రాస్కుంటున్నరట. మనోళ్లందరు ఇచ్చిన్రు. మీ పేరు సుత ఇయ్యాల్నా?"

"నీ పేరిచ్చినవా?"

"ఇచ్చిన."

"మంచిది. పో."

అతను వెళ్లిపోయాడు. స్టేజీ పక్కన పెట్టిన పెద్ద తెర మీద నీలం కారు మళ్లీ వచ్చింది. ఈసారి నెమ్మదిగా, చక్రాల పొగ కూడా విడివిడిగా కనపడేలా వేశారు. కారు దిమ్మెలని తాకింది, దిమ్మెలు గోడ మీదికి పోయాయి, కుక్కరు మధ్యకి చీలింది. జనం ఈలలేశారు. తెర మీద కుక్కరు కంపెనీ పేరు మెరిసి పోయింది, అది పోగానే కారు మళ్లీ మొదటి నుంచి వచ్చింది.

యెషయా లేచి ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు. తెర మీంచి చూపు తిప్పుకోలేకపోతున్నాడు. కారు గోడ దాకా వచ్చిన ప్రతిసారీ ఆయన భుజం కొంచెం పక్కకి జరుగుతోంది.

"కృపా," అన్నాడు. "నేను ఆడ ఉంటే గూడ గిట్లనే మళ్ల మళ్ల ఏస్తుండిరా?"

కారు మళ్లీ వచ్చింది. జనం మళ్లీ ఈలలేశారు.

"అప్పుడైతే గోడ కనపడకపోతుండె అంకుల్," అంది దేవకృప. "మీరు అడ్డం ఉంటుండిరి."